కాంతమ్మ పడక

బస్సు మెట్టు ఎక్కించడానికి లింగయ్యకు ఒక పద్ధతి ఉంది. ముందు తాను ఎక్కడు. కాంతమ్మ వెనక నిలబడి, రెండు చేతులూ ఆమె చంకల కింద పెట్టి "ఊఁ" అంటాడు. ఆమె కుడికాలు మెట్టు మీద ఆనించి "ఊఁ" అంటుంది. అప్పుడు లేపుతాడు. నడుము దగ్గర మడత పెట్టినట్టు ముందుకు వంగిపోయిన మనిషి. ఆమెకు కనబడేది మెట్టు, దాని మీది మట్టి, ముందు ఎక్కినవాళ్ల మడమలు. లేపేటప్పుడు తల దేనికీ తగలకుండా, మోకాలు గీసుకుపోకుండా చూసుకోవడం లింగయ్య వంతు.

ఆ పొద్దున స్టేజీ దగ్గర బాలన్న కూడా ఉన్నాడు. కాంతమ్మకు చిన్నమ్మ కొడుకు, వరసకు తమ్ముడు. ఊళ్లో ఎవరు పోయినా పాడె కట్టడానికీ, పీనుగను తయారు చేయడానికీ మొదట పిలిచేది అతన్నే. వేపపుల్ల నములుతూ వీళ్లిద్దరినీ చూసి ఆగాడు.

"ఏం బావా, మా అక్కను యాడికి లేవదీసుకపోతున్నవ్?"

"వనపర్తికి. స్కానింగు తియ్యాలంట."

"మా ఊరి పిల్లను చేసుకొని, మా ఊర్లనే ఇల్లరికముండి, మా ఊరి నీళ్లే తాగితివి. నీ నడుము మాత్రం గడ్డపార లెక్క నిలబడె. ఏంది దీని మతలబు?"

కాంతమ్మ నేల చూస్తూనే నవ్వింది. "ఆయన తాగింది నీళ్లు కాదు గదరా, కల్లు."

బాలన్న పుల్ల తీసి పక్కకు ఉమ్మి, గట్టిగా నవ్వాడు. అంతలో బిజినేపల్లి వైపు నుంచి హారన్ వినబడితే అటు చూడడానికి మనిషి మొత్తం తిరిగాడు. మెడ ఒక్కటే తిప్పడం అతనికి ఈమధ్య చేత కావడం లేదు. మెడ పట్టిందంటాడు. స్టేజీ పక్కన ఎర్రరంగు పూసిన పాత బోరింగు ఉంది. ఆ నీళ్లు తాగొద్దని రంగు పూసేనాటికే కాంతమ్మ నడుము వంగడం మొదలైంది. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వస్తోంది. ఆ బోరింగు పిడి మీద కాకులు వాలతాయి.

ఆమె కాళ్లల్లో కొన్నాళ్లుగా చీమలు పాకినట్టు అవుతోంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరు చూసి, ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గాని నరం కనబడదని, నరం ఎక్కడ నలుగుతోందో తెలియాలంటే ఎమ్మారై తీయించుకొని రమ్మని చెప్పాడు. అందుకే ఈ ప్రయాణం.

వనపర్తిలో ఆ స్కానింగు సెంటరు ఒక మందుల దుకాణం వెనక ఉంది. బెంచీ మీద అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. కాంతమ్మను చూసి ఒకాయన లేచి చివరి చోటు ఇచ్చాడు. చివరైతే ఆమె మోచేతిని బెంచీ చేతి మీద ఆనించుకోవచ్చు. అది అతనికి ఎట్లా తోచిందోనని లింగయ్య అతని ముఖం వైపు చూశాడు. శ్రీరంగాపూర్ రైతు, తలకు రుమాలు, చేతిలో పాత ఎక్స్‌రే కవరు.

పిలుపులు పిలిచే అమ్మాయి పేరు అమూల్య. తెల్లకోటు మోచేతుల దాకా మడిచి, తలుపు తీసినప్పుడల్లా ఎవరో ఒకరికి జవాబు చెప్పుకుంటూ పోతోంది.

"ఫోటో తీస్తే నొప్పి పోతదా బిడ్డా?" రుమాలు రైతు అడిగాడు. "పోయినసారి తీసినంక నాకు జర తగ్గింది మల్ల."

"తగ్గితే మంచిదే తాత. కాని ఇది చూసే మిషిను. తగ్గిచ్చేది కాదు."

"గా వెలుగు పడితె బొక్క కాలుతదంట గద?" పక్కనున్న ఆడమనిషి అడిగింది.

"ఒక్కసారికి ఏం కాదక్కా. కడుపుతోని ఉన్నవా, అది చెప్పు చాలు."

ఆమెకు అరవై దాటి ఉంటాయి. బెంచీ అంతా నవ్వింది. ఆమె కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అందరూ అడుగుతున్నారు కదా అని కాంతమ్మ కూడా తల కొద్దిగా పక్కకు తిప్పి అడిగింది. "బిడ్డా, మనిషికి ఎన్ని బొక్కలుంటయి?"

"రెండొందల ఆరు పెద్దమ్మ. పుట్టినప్పుడు ఇంక ఎక్కువుంటయి. మూడొందల దాకా."

"అవ్వ! మరి తక్కినవి యాడ పోయినయి?"

"యాడికి పోవు. పెద్దగయిన కొద్ది ఒకదాన్నొకటి అతుక్కుంటయి."

కాంతమ్మ ఆలోచించింది. "అయితె నాయి లెక్క పెడితె పదో ఇరవయ్యో ఎల్తయి."

అమూల్య నవ్వబోయి, ఆమె వీపు వైపు చూసి, నవ్వలేదు. "రా పెద్దమ్మ, నీదే" అని చెయ్యి ఇచ్చింది.

లోపల గది చల్లగా ఉంది. ఇనుముగాని, వెండిగాని, బంగారంగాని ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. ముక్కుపుల్ల, మెట్టెలు లింగయ్యే తీశాడు. పుస్తెలతాడు తల మీదుగా తీయడం కష్టమైంది. ఆమె మెడ ముందుకు వంగి ఉంటుంది కాబట్టి ముందు వెనక భాగం, తర్వాత ఒక చెవి, తర్వాత రెండో చెవి. అన్నీ తువ్వాల కొంగులో ముడి వేసుకున్నాడు. ఆ ముడి చేతిలో ఉంది కాబట్టి గడప దాటి రావద్దన్నారు. అక్కడే నిలబడ్డాడు.

పడక మీదికి ఎత్తే మనిషి ఒకతను ఉన్నాడు. మనిషి మొరటువాడేం కాదు. బయట ఇంకా అంతమంది కూర్చుని ఉన్నారన్న తొందర మాత్రం ఉంది. "వెల్లకిల పండుకోవాలె అమ్మా. అర్ధగంటె. జర సదురుకో."

కాంతమ్మ వెల్లకిలా పడుకుంటే నేల మీద ఊగే తట్టలాగా అయింది. వీపులో ఒక్కచోటే పడకకు ఆనింది. ఇటు తల గాలిలో ఉంది, అటు మోకాళ్లు గాలిలో ఉన్నాయి. అతను ఒక చెయ్యి ఆమె రొమ్ము మీద, ఒక చెయ్యి మోకాళ్ల మీద పెట్టాడు.

"ఏం కాదు. ఊపిరి గట్టిగ తీస్కో. సాగుతది."

కాంతమ్మ అరవలేదు. చిన్నగొంతుతో, పక్కింటి పిల్లకు ఏదో చెబుతున్నట్టు, "ఇరుగుతది. ఇరుగుతది బిడ్డా" అంది.

గడప దగ్గర లింగయ్య చేతిలోని ముడి బిగించాడు. ఒక అడుగు వేశాడు, ఆగాడు. ఆ ముడిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కింద పెడదామంటే అందులో పుస్తెలున్నాయి.

అద్దం వెనక నుంచి అమూల్య వచ్చింది. "అన్నా, చేతులు తియ్యి."

"మేడం, గిట్ల నొక్కకుంటె లోపలికి పోదు."

"పోవద్దు. తియ్యి."

కాంతమ్మను ఆమే చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టింది. పక్కకు పడుకోబెట్టి చూసినా ఆ వంపుకు గుహలాంటి ఆ యంత్రంలో భుజం పట్టదని చెప్పింది. ఎక్స్‌రే ఒక్కటైనా మంచిగా తీసి డాక్టరుగారికి చూపిద్దామంది. ఎక్స్‌రే గదిలోకి లింగయ్యను కూడా రానిచ్చింది. కాంతమ్మను ఎడమవైపుకు ఒరిగించి పడుకోబెట్టింది. తల కింద మడిచిన దుప్పటి పెట్టింది. వీపు వెనక ముక్కోణపు స్పాంజి దిమ్మె ఆనించింది. మోకాళ్లు ముడుచుకొని ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంచి, వాటి మధ్య ఒక దిండు పెట్టింది. ప్రతిదీ పెట్టి ఒక్కో క్షణం ఆగింది.

"ఇట్ల నొప్పున్నదా పెద్దమ్మ? ఉంటె చెప్పు. ఏం చెప్పకుంటె మంచిగున్నట్టే అనుకుంట."

భుజం మీద చెయ్యి ఉంచి కాసేపు చూసింది. కాంతమ్మ ఏమీ చెప్పలేదు.

లింగయ్యను బయటికి పంపి, ఎక్స్‌రే పటం తీసి, మళ్లీ తలుపు తెరిచి వేలు పెదాల మీద పెట్టి అతన్ని లోపలికి పిలిచింది. కాంతమ్మ నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకొని, సన్నగా గురక పెడుతోంది. ఇంటి దగ్గర ఆమె నిద్ర వడ్లబస్తాకు ఆనుకొని కూర్చునే. పడుకొని నిద్రపోవడం లింగయ్య చూసి ఎన్నేళ్లయిందో!

"ఊపిరి బిగబట్టు అంటె పలకలేదు తాత" అంది అమూల్య మెల్లగా. "జరసేపు పండుకోనీ. నేను పక్కరూముల వేరేటోళ్లది చూసుకొస్త."

ఆ సెంటరు డాక్టరు శ్రీనాథ్ పటాన్ని వెలుగుపెట్టె మీద పెట్టి చాలాసేపు చూశాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. కళ్ల కింద అలసట. ఎముక మామూలుగా ఇంత తెల్లగా ఉండదన్నాడు. పూసకు పూసకు మధ్య నల్లటి సందు కనబడాలట. ఈమెకు సందే లేదు. పూసలను పట్టి ఉంచే నారలన్నీ ఎముకగా మారి, మెడ నుంచి కింది దాకా ఒకే బొంగు అయింది. నీళ్లల్లోని ఫ్లోరైడు ఇన్నేళ్లుగా చేసిన పని.

"బరువులు మోసేదా?"

"ఇద్దరం కాలువల మీద మట్టిపని చేసినం సారు. నేను తవ్వేది, ఆమె మోసేది."

ఇప్పుడు ఆపరేషన్‌తో అయ్యే పని కాదన్నాడు. పక్కటెముకలు కూడా బిగుసుకుపోయాయట. అందుకే ఊపిరి నిండా అందదు, దగ్గు, జ్వరం వస్తే ఆలస్యం చేయొద్దన్నాడు. మందులు రాశాడు. కాంతమ్మ అతని చెప్పుల వైపు చూస్తూ విన్నది. లేవమని లింగయ్య చంకల కింద చెయ్యి పెట్టబోతే ఆగమంది.

"సారూ, ఒక్కమాట. సచ్చినంక ఇది సక్కగైతదా? పాడె మీద పండుకునేటట్టు?"

"ఎందుకమ్మా ఇప్పుడు ఆ మాటలు?"

"తెలుసుకుందామని. చెప్పు సారూ, నేనేం అనుకోను."

డాక్టరు అమూల్య వైపు చూశాడు. ఆమె పటం కవరు చూసుకుంటోంది. అతను కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగి, ఆమెకు తన ముఖం కనబడేట్టు చేసుకున్నాడు. లింగయ్యకు ఆ పని నచ్చింది.

"కండలు సడలుతయమ్మా. ఎముక సడలదు. ఇట్లనే ఉంటది."

"నొక్కితె?"

అతను మందుల చీటీ మడిచి లింగయ్య చేతికిచ్చాడు.

"సరె" అంది కాంతమ్మ. "సల్లగుండు సారు."

*

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాంతమ్మ నుదురు ముందు సీటు కడ్డీకి ఆనించింది. కుదుపులకు తగలకుండా లింగయ్య మధ్యలో అరచెయ్యి పెట్టాడు. పటం ఉన్న కవరు అతని ఒళ్లో ఉంది. ఊరు దాటాక ఆమె మాట్లాడింది.

"మా అమ్మ సచ్చిన పొద్దు నువ్వు బయట పందిరేస్తున్నవు. నేను లోపల్నే ఉంటి. అమ్మ గూడ నా లెక్కనే వంగిపోయె గద."

"ఎరుకే."

"బాలడు మోకాళ్ల మీద ఒత్తిండు. ఇంకొకరు భుజాలు పట్టిండ్రు. సప్పుడైంది. కీళ్లు ఇడిచినయి అన్నడు వాడు. నేను గూడ గదే అనుకుంటి. ఇయాల ఆ పిలగాడు నా మీద చెయ్యేసినప్పుడు తెలిసింది. అది కీళ్ల సప్పుడు కాదు."

లింగయ్య కిటికీలోంచి చూశాడు. పత్తి చేలల్లో ఆడవాళ్లు వంగి ఉన్నారు. వాళ్లలో కొందరు అప్పుడప్పుడూ నడుము మీద చేతులు పెట్టుకొని నిటారుగా లేస్తున్నారు.

"నన్ను గట్ల చెయ్యనియ్యకు."

"చెయ్యనియ్య."

"మాట?"

"మాట."

ఆమె తృప్తి పడ్డట్టు అనిపించింది. కాసేపటికి మళ్లీ అంది. "బాలనికి మాత్రం చెప్పకు."

"ఏంది?"

"అది బొక్క ఇరిగిన సప్పుడని. ఈ పటం వానికి చూపియ్యకు. వాడు చిన్నప్పటి సంది మా అమ్మ చేతి బువ్వ తిన్నోడు. పెద్దమ్మను సక్కగ పండబెట్టిన అని అనుకున్నడు. ఆ సాయంత్రం బాయికాడ ఒక్కడే కూసొని ఏడ్సిండు. గట్లనే అనుకోనీ."

"మరి వాడే వస్తడు గద రేపు నీ దగ్గరికి? చూపియ్యకుంటె ఎట్ల ఆపాలె?"

"అది నువ్వు చూసుకో." ముందు సీటు వైపే నవ్వింది. "ఇన్నేండ్లు నా చేతి బువ్వ తింటివి, గంత తెలివి రాలేదా?"

స్టేజీ దగ్గర దిగడం ఆలస్యమైతే కండక్టరు విసుక్కోలేదు. బెల్లు కొట్టకుండా తాడు పట్టుకొని నిలబడ్డాడు. లింగయ్య ముందు దిగి, తిరిగి నిలబడి, చేతులు చాపి "ఊఁ" అన్నాడు.

ఇంటికి వచ్చాక కోడలు రేణుకకు చెప్పి రెండు దిండ్లు కుట్టించాడు. ఒకటి మామూలుది. ఇంకొకటి ముక్కోణంగా ఉండేట్టు, లోపల పత్తితో పాటు పాత చీర గట్టిగా కుక్కి కుట్టాలి. రేణుక మొదటిసారి కుట్టింది మెత్తగా వస్తే విప్పి మళ్లీ కుక్కింది. "ఇది ఏం దిండు మామా, ఇటిక లెక్క?" అంది. అమూల్య ఎట్లా పెట్టిందో లింగయ్య గుర్తు చేసుకుంటూ పెట్టాడు. తల కింద దుప్పటి. వీపు వెనక దిమ్మె. మోకాళ్ల మధ్య దిండు. ఒక్కోటి పెట్టి ఆగాడు.

"ఇట్ల నొప్పున్నదా?"

"గా పిల్ల అడిగినట్టే అడుగుతున్నవు" అంది కాంతమ్మ. తర్వాత ఏమీ అనలేదు. నిద్రపోయింది. లింగయ్య దీపం ఆర్పకుండా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆమె పడుకొని ఉంటే ఇంట్లో ఇంకెవరో చుట్టం వచ్చి పడుకున్నట్టుగా ఉంది.

కొన్ని రాత్రులు అట్లా మంచి నిద్ర పట్టింది ఆమెకు. పొద్దున లేచి పల్లికాయ ఒలుస్తూ, వచ్చినవాళ్లకల్లా ఆ సంగతే చెప్పేది. ఆ తర్వాత వాన తుంపర పడింది. దగ్గు మొదలైంది. దగ్గు బయటికి వచ్చేదారి లేక లోపల్లోపలే కొట్టుకునేది. ఊరి ఆరెంపీ డాక్టరు సూది వేసి, తగ్గకపోతే నాగర్‌కర్నూల్ తీసుకుపొమ్మన్నాడు. గద్వాల దగ్గర జేసీబీ నడిపే కొడుకు సతీష్‌కు ఫోన్ చేస్తే, పొద్దున్నే బండి మాట్లాడుకొని వస్తానన్నాడు.

పొద్దున లింగయ్య టీ కాచి, గిన్నెలో చల్లార్చి తెచ్చాడు. ఆమె అదే పడకలో, అదే వైపుకు ఒరిగి ఉంది. గురక లేదు. టీ గిన్నె కింద పెట్టి, భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

*

సతీష్ మాట్లాడుకొచ్చిన బండి వాకిట్లో ఖాళీగా నిలబడింది. ఎండ ఇంకా ముదరలేదు. డప్పుకు కబురు పోయింది. బాలన్న వచ్చాడు. చెప్పులు గడప అవతలే విడిచి, అక్క కాళ్లకు మొక్కి, కళ్లు తుడుచుకొని పనిలోకి దిగాడు. రేణుకతో వేడినీళ్లు, మంచినూనె తెప్పించాడు. ఆడవాళ్లను బయటికి పొమ్మన్నాడు.

"పెయ్యి ఇంక ఎచ్చగనే ఉన్నది బావా. ఇప్పుడైతెనే సాగుతది. బిగుసుకుంటె మల్ల కష్టం. సతీషూ, నువ్వు భుజాలు పట్టు."

"వద్దు" అన్నాడు లింగయ్య.

"ఏంది వద్దు?"

"నొక్కొద్దు. గిట్లనే తీసుకపోదాం. పక్కకు ఒరిగిచ్చి."

బాలన్న మనిషంతా తిరిగి అతని వైపు చూశాడు. "పక్కకు పండుకున్న పీనుగను యాడన్న చూసినవా బావా? నలుగురు నవ్వరా? ముత్తైదువ సావు. ముఖం మీదికుంటె పూలేస్తరు, బొట్టు పెడతరు. మా పెద్దమ్మకు చెయ్యలేదా నేను? ఎంత సక్కగ పండుకునె!"

సతీష్ కూడా తండ్రి వైపు చూడకుండా అన్నాడు. "మామకు తెల్వదా నాయినా? జర ఊకో."

లింగయ్యకు ఎదురుగా గోడకు, ఇనుప పెట్టె వెనక, పటం కవరు కొస కనబడుతోంది. నాలుగు అడుగులు వేస్తే అందుతుంది. బయటికి తీసుకుపోయి ఎండకు పట్టుకుంటే చాలు, ఒక్క మాట కూడా అక్కర్లేదు. అందరూ చూస్తారు. బాలన్న కూడా చూస్తాడు.

అతను పెట్టె వైపు పోలేదు. పోయి కాంతమ్మ పక్కన కింద కూర్చున్నాడు. ఆమె మోకాళ్ల మీద తన చెయ్యి పెట్టాడు. ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి చోటు లేకుండా.

"ఆమె అడిగింది" అన్నాడు. "మాటిచ్చిన."

"ఎందుకు అడిగింది?"

లింగయ్య తల వంచుకున్నాడు. "ఎందుకో. అడిగింది."

బాలన్న నూనె గిన్నె పట్టుకొని నిలబడ్డాడు. బావను పక్కకు జరపాలంటే జరపగలడు. సతీష్ ఉన్నాడు, బయట ఇంకా నలుగురు ఉన్నారు.

"నూనె అన్న రాయనీ" అన్నాడు చివరికి. "అక్కకు నూనె రాయకుండ పంపుతమా?"

"రాయి. ఊరికె రాయి. నొక్కకు."

బాలన్న ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచేతిలో నూనె పోసుకొని, మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి రాశాడు. పని తెలిసిన చేతులు. రాస్తూ రాస్తూనే బొటనవేళ్లు అలవాటుగా పూసల మధ్య సందుల కోసం వెతికాయి. మెడ కింద వెతికాయి. దొరకలేదు. ఇంకొంచెం కిందికి దిగాయి. మళ్లీ మెడ దగ్గరికి వచ్చి ఈసారి నెమ్మదిగా, ఒక్కోచోట ఆగుతూ దిగాయి. వంపు మొత్తం ఒకే గట్టు. ఎక్కడా తెగలేదు. నడుము దగ్గర అతని చేతులు ఆగిపోయాయి.

లింగయ్య ఆ చేతుల వైపే చూస్తున్నాడు. ముఖం వైపు చూడలేదు.

బాలన్న నూనె చెయ్యి మెల్లగా పైకి లేచింది. తన మెడ వెనక్కి పోయింది. అక్కడ కాసేపు ఉంది. కాలర్‌కు నూనె అంటింది.

అతను లేచి, గడప దగ్గరికి పోయి, గొంతు సవరించుకున్నాడు. "పాడెకు ఇంకో రెండు బొంగులు కొట్టుకరండ్రా" అని కేకేశాడు. "జర ఎడల్పు కావాలె."

గుంత తవ్వడం దగ్గర సతీష్ జేసీబీ తెస్తానన్నాడు. పక్క ఊళ్లోనే ఒకటి ఉంది, గంటలో పనైపోతుందన్నాడు. బాలన్న అతని మాట తోసేశాడు. "కాలువలు మోసిన మనిషికి గుంత మిషిన్‌తోని తీస్తవా?" అని, గడ్డపార భుజాన వేసుకొని ముందు నడిచాడు. పైన రెండు జానలు ఎర్రమట్టి. ఆ కింద మొరం. గడ్డపార దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. కొలత ఎంతని ఎవరో అడిగితే బాలన్న రెండు చేతులూ ముడిచి, మోకాళ్లు ముడిచి, అక్కడే నేల మీద పక్కకు ఒరిగి పడుకున్నాడు. "గీ సుట్టు గీయి" అన్నాడు. ఒకడు నవ్వబోయి ఊరుకున్నాడు. పార మొనతో అతని చుట్టూ గీత గీశారు.

ఎండ ముదిరేసరికి పాడె లేచింది. కాంతమ్మ కొత్త చీరలో, చేతులకు ఆకుపచ్చ గాజులతో, నుదుట కాసంత బొట్టుతో, ఎడమవైపుకు ఒరిగి పడుకొని ఉంది. మోకాళ్ల మధ్య దిండు చీర కింద కనబడకుండా సర్దింది రేణుక. దారిలో కొందరు ఆగి వింతగా చూశారు. ఒక ముసలామె మాత్రం, "అవ్వ! నిద్రపోయినట్టే ఉన్నది గద" అని పూలు వేసింది. నిజానికి మెడ వంగిపోయిన తర్వాత కాంతమ్మ ముఖం ఇంత తీరికగా ఎవరూ చూడలేదు.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే లేస్తుందేమోనని చివరి ఆశ. లింగయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె చెవి పైకే ఉంది. పెద్దగా వంగనక్కర్లేకపోయింది.

"కాంతా" అన్నాడు. "కాంతా. కాంతా."

డప్పు ఆగింది. అందరూ లేచి పాడె పట్టబోయారు. అతను లేవలేదు. ఇంకా దగ్గరికి వంగి అడిగాడు.

"ఇట్ల నొప్పున్నదా?"

భుజం మీద చెయ్యి ఉంచి కాసేపు ఆగాడు. తలవైపు బొంగు పట్టుకున్న బాలన్న నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ తొందర పెట్టలేదు.

"పదండ్రి" అన్నాడు లింగయ్య.

గుంతలోకి బాలన్నే దిగాడు. పైనుంచి అందించిన కాంతమ్మను రెండు చేతులతో అందుకొని, ఒరిగించి పడుకోబెట్టాడు. లింగయ్య దిమ్మె దిండు అందించాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో బాలన్నకు తెలియలేదు. "వీపు ఎన్క" అని లింగయ్య చెబితే అక్కడ పెట్టాడు. తర్వాత లింగయ్య అంగీ లోపలి నుంచి కవరు తీసి, పటాన్ని బయటికి తీయకుండానే అందించాడు.

"ఇదేంది బావా? దవాఖాన పటమా?"

"ఊఁ. తల కింద పెట్టు."

బాలన్న కవరును తిప్పి చూశాడు. ఎండ సరిగ్గా నెత్తిన ఉంది. కవరు నోరు తెరిచే ఉంది. "ఏమున్నది ఇందుల?"

"ఏం లేదు" అన్నాడు లింగయ్య. "మసక. సరిగ పడలేదు."

బాలన్న దాన్ని తెరవలేదు. ఆమె తల కింద ఉన్న మడిచిన దుప్పటి అడుగున జాగ్రత్తగా పెట్టాడు. చీర కొంగు సర్దాడు. చేతులకు అంటిన మొరం దులుపుకున్నాడు. గుంతలోంచి పైకి చూడడానికి అతని మెడ లేవదు. ఎదురుగా ఉన్న మట్టిగోడ వైపే చూస్తూ మాట్లాడాడు.

"బావా."

"చెప్పు."

"నాక్కూడ గింతే ఎడల్పు తవ్వుమను."

లింగయ్య గుంత అంచున కూర్చున్నాడు. కాళ్లు కూడదీసుకొని, ముందుకు వంగి, రెండు చేతులూ బాలన్న చంకల కింద పెట్టాడు.

"ఊఁ" అన్నాడు.

బాలన్న మట్టిలో గంటు వెతుక్కొని కుడికాలు ఆనించాడు.

"ఊఁ."